నాలుగో చెవిలో హోరు

1. మొదటి షిఫ్ట్

గది లాగ్ వేరే ఉంది, అందులో అంకెలు మాత్రమే రాయాలి. తిట్టుకోవడానికి నేను పెట్టుకున్నది ఈ నోటుబుక్కు.

టెర్మినళ్ళన్నీ స్పిరిట్ దూదితో తుడిచాను. ఈ బొగ్గుబాయిలో చెమ్మకు రాగి మీద పచ్చటి చిలుము పడుతుంది, చిలుము పడితే చెవులు సరిగా వినవు. పైకప్పు రాతిలో రంధ్రాలు చేసి దించిన సెన్సర్లను మేం చెవులంటాం. రాయి లోపల వెంట్రుకంత పగులు పుట్టినా చెవి వణుకుతుంది. ఆ వణుకుకు పుట్టే కరెంటు ఉందంటే ఉంది, లేదంటే లేదు. దాన్ని వేల రెట్లు పెంచి, తెర మీద గీతగా చూసి, ఎక్కడ రూఫ్ దిగబోతోందో చెప్పడం నా ఉద్యోగం. పైన ఎండకు తాళలేక జనం ఈ పాత బొగ్గుబాయిలోకి కాపురాలు దించిన నాటి నుంచి, మా వినికిడి గది సరే అననిదే ఎవరూ గోడకు మేకు కూడా కొట్టరు.

హోదా గొప్పదే, బతుకు మాత్రం కుక్క బతుకు. ఈ గదిలో ఫ్యాన్ వేసుకోకూడదు, టీ పెట్టుకోకూడదు. కెటిల్ పెడితే దాని మోత తెర మీదికి వచ్చి కూర్చుంటుంది. ఆంప్లిఫయర్‌కు మంచీ చెడ్డా తెలియవు, లోపలికి వచ్చిందల్లా పెంచి పారేస్తుంది. పగులునూ పెంచుతుంది, పక్కింటి మిక్సీనీ పెంచుతుంది. అందుకని పక్క వరుసలోని ఆడవాళ్ళతో నాకు రోజూ జగడమే. దుర్గం తార ఉన్నన్నాళ్ళు పచ్చడి నూరుకోలేం అని నా మొహం మీదే అంటారు.

ఈ పూట గీతలన్నీ కాస్త లావుగా ఉన్నాయి. ఎందుకో నాకు తెలుసు. మొన్ననే నా మొగుడితో పనిచేసే కొమురెల్లికి స్వరూపతో పెళ్ళయింది. పెళ్ళయిన జంట తమ ఇంటి ఇనుప చట్రం నుంచి ఒక రాగి తీగె లాక్కొచ్చి తల్లి పట్టాకు కట్టాలి. ఎప్పుడో బొగ్గు టబ్బులు నడిచిన ఇనుప పట్టా అది, బాయి పొడవునా అన్ని లెవళ్ళలోకీ పోతుంది. కట్టిన తీగెను మొగుడో పెళ్ళామో పోయిన రోజున విప్పుతారు, లేదా ఇద్దరూ వద్దనుకున్న రోజున. మా చెవుల కేబుళ్ళ ఎర్త్ కూడా మా పెద్దలు ఆ పట్టాకే ఇచ్చి చచ్చారు, తల్లిని మించిన ఎర్త్ ఉంటుందా అనుకుని. పెళ్ళి జరిగిన ప్రతిసారీ నా గీత ఇంకొంచెం లావెక్కుతుంది. ఈ సంగతి సేఫ్టీ పెద్ద రాజలింగుకు చెబితే, అయితే పెండ్లిళ్ళు బంద్ పెడదామా చెల్లె అని నవ్వాడు.

ఏడో లెవల్లో కొత్త ఇళ్ళ కోసం రూఫ్‌కు ఆసరాగా ప్రాప్‌లు నిలబెట్టడానికి ఓదెలు, కొమురెల్లి దిగారు. ఓదెలు నా మొగుడు. వెళ్ళేటప్పుడు నిన్నటి పప్పులో ఉప్పు లేదన్నాడు. నీ నాలుక తుప్పు పట్టింది పో అన్నాను.

2. మొదటి షిఫ్ట్ చివర

ఏడో లెవల్ రూఫ్ కూలింది.

ముందుగా ఏమీ కనిపించలేదు. గీత లావుగా ఉందని రాశాను కదా, ఆ లావు కిందే పగుళ్ళన్నీ దాక్కున్నాయి. తెర ఒక్కసారి తెల్లబడింది, కుర్చీ కింద నేల కదిలింది, తర్వాత ఏడో లెవల్ చెవులు ఒకదాని వెంట ఒకటి చచ్చిపోయాయి. నాలుగో చెవి ఒక్కటే మిగిలింది. అది కూలిన రాళ్ళకు అవతల ఉంది. దాని కేబుల్ రాళ్ళ కింద నలిగినా తెగలేదు.

అవతల ఓదెలు, కొమురెల్లి ఉన్నారు.

పరుగెత్తి వెళ్ళేసరికి రాజలింగు అక్కడే ఉన్నాడు. రాళ్ళ సందుల్లోంచి సన్నగా పొగ వస్తోంది. నలిగిన బొగ్గు తనంతట తానే వేడెక్కి అంటుకుంటోంది. రాళ్ళు తవ్వితే లోపలికి గాలి పోయి మంట పెరుగుతుంది, పెరిగితే బాయి మొత్తానికీ ముప్పు. అందుకని ప్రాణంతో ఉన్నవాళ్ళ కోసమైతేనే తవ్వుతారు. లేదంటే గోడ కట్టి మూసేస్తారు. ఇది రాజలింగు పెట్టిన నియమం కాదు, బాయిలో దిగిన నాటి నుంచీ ఉన్నదే. ఇంకొకరి మొగుడి మీద ఇదే నియమం అమలైనప్పుడు నేనూ తల ఊపాను.

ఆయన నా మొహం చూడలేక గాలి మీటర్ చూస్తూ మాట్లాడాడు.

"చెల్లె, మూడో షిఫ్ట్ సైరన్ దాక ఆపుత. గాల్లు బతికున్నరని నువ్వు చూపెట్టు, నా చేతులతోని నేను తవ్వుత. చూపెట్టకుంటే మాత్రం గోడ కట్టాలె."

చూపెడతానన్నాను. 

3. రెండో షిఫ్ట్ మొదలు

బాయిలో ఎవరైనా చిక్కుకుంటే చేసే పద్ధతి ఒకటుంది. బతికున్నవాళ్ళు ఎందరో అన్ని దెబ్బలు రూఫ్ మీద కొట్టాలి, పది శ్వాసలు ఆగాలి, మళ్ళీ కొట్టాలి. వినేవాళ్ళు ఉన్నా లేకున్నా కొడుతూనే ఉండాలి. ఓదెలు చెయ్యి ఊరుకోదు, కొడుతుంటాడు. నాకు వినబడాలి, అంతే.

గదిలో కూర్చుని నాలుగో చెవిని పెంచాను. హోరు. ఇంకా పెంచితే ఇంకా పెద్ద హోరు. చెవి పుట్టించే ఆ పిసరంత కరెంటు ఇంత పొడుగు కేబుల్‌లో గది దాకా నడిచి వచ్చేసరికి దారిలో ఉన్న చెత్తంతా అంటించుకుంటోంది. అంటిన తర్వాత పెంచి లాభం లేదు. అంటక ముందే పెంచాలి. అందుకని చిన్న ఆంప్లిఫయర్‌నూ ఒక చిన్న తెరనూ ఊడబెరికి, బ్యాటరీ కట్టుకుని, కూలిన చోటికే మోసుకుపోయాను. కేబుల్ రాళ్ళలోంచి బయటికొచ్చిన చోటనే కోసి దానికి అతికించాను. రాళ్ళ వేడికి ఆంప్లిఫయర్ తనంతట తానే బుసబుసమంటుంటే తడిగుడ్డ చుట్టాను. గుడ్డ ఎక్కడిదని అడిగితే, నా కొంగుదే.

బుస తగ్గింది. గుయ్యిమనే మోత మాత్రం తగ్గలేదు. ఫ్యాన్లు తిరిగే కరెంటు మోత అది, బాయిలో పుట్టిన పిల్లకైనా తెలుస్తుంది. నా దగ్గరంతా బ్యాటరీ మీదే నడుస్తోంది, ఈ కొసన పట్టాతో సంబంధం కూడా తెంపేశాను. అయినా వస్తోందంటే అవతలి కొస నుంచే రావాలి. నాలుగో చెవి ఎర్త్ అవతల తల్లి పట్టాకు బోల్టు వేసి ఉంది. రాళ్ళకు అవతలున్న బోల్టు విప్పడానికి నేనేమన్నా దయ్యాన్నా?

కరెంటు కొలిచే మీటర్‌ను పట్టా మీద పెట్టుకుంటూ పైకి నడిచాను. ప్రతి ఇంటి వరుస దగ్గరా అంకె పెరిగింది. బాయిలోకి గాలి తోలే ఫ్యాన్లన్నీ ఇళ్ళ ఇనుప చట్రాలకే బిగించి ఉంటాయి. ముసలి ఫ్యాన్ల నుంచి కొంచెం కొంచెం కారే కరెంటు చట్రంలోకి దిగుతోంది, చట్రం నుంచి పెళ్ళి తీగె మీదుగా పట్టాలోకి, పట్టా వెంట తిన్నగా నా నాలుగో చెవిలోకి. ఫ్యాన్లు ఆపమందామంటే ఆపకూడదు. ఆగితే ఏడో లెవల్లో విషగాలి నిలిచి, బతికున్నవాళ్ళను మేమే చంపినట్టవుతుంది.

మిగిలిన దారి ఒక్కటే, తీగెలు విప్పాలి. బాయిలోని తీగెలన్నీ.

4. రెండో షిఫ్ట్

రాజలింగు ముందు నోరు తెరిచి ఊరుకున్నాడు. తర్వాత, తీగె విప్పితే చట్రాలు షాక్ కొడతాయి కాబట్టి జనాన్నంతా ఇళ్ళలోంచి బయటికి రప్పించే పని తను చూస్తానన్నాడు. విప్పించే పని మాత్రం నాదేనన్నాడు. మగవాడు పోయి ఆడవాళ్ళను తీగె విప్పమంటే చెప్పు తెగుతుందని భయం ఆయనకు.

మొదటి వరుసలో నన్ను చూడగానే, మిక్సీల మీద పడ్డది చాలలేదా, ఇప్పుడు మొగుళ్ళ మీద పడ్డదా అన్నారు. ఒక ముసలామె మట్టి తీసి నా మీద పోసింది. మట్టి దులుపుకున్నాను.  మా ఇంటి దగ్గరికి పోయి, అందరూ చూస్తుండగా, మా తీగె మీద చెయ్యి వేశాను.

వేశాను కానీ మెలిక తిప్పలేకపోయాను. ఓదెలు కట్టిన మెలిక అది, ఏదైనా ఒకటికి నాలుగు చుట్లు తిప్పడం అతనికి అలవాటు. ఇది తీస్తే అతను లేడని ఒప్పుకున్నట్టే అని లోపల ఎవరో అరుస్తున్నారు. ఇదంతా ఉత్త రాగి అని నాకు తెలుసు.  గట్టిగా ఏడ్చి, ఏడుస్తూనే విప్పాను.  మట్టి పోసిన ముసలామే ముందుగా వంగి తన తీగె విప్పుకుంది.

వరుస తర్వాత వరుస విప్పారు. గీత సన్నబడుతూ వచ్చింది. చివరికి ఒక్క తీగె మిగిలింది, ఏడో లెవల్‌కు అన్నిటికన్నా దగ్గరున్న ఇంటిది. దగ్గరిది కాబట్టి అది ఒక్కటే సగం హోరు మోస్తోంది.

స్వరూప ఆ ముడి మీద రెండు చేతులూ వేసి పట్టా మీద కూర్చుంది. చేతుల పసుపు ఇంకా పోలేదు. నేను బతిమాలాను, తిట్టాను, మళ్ళీ బతిమాలాను. పట్టా అంటే ఏంటో, కరెంటు ఎట్లా కారుతుందో నేల మీద బొమ్మ గీసి చూపించాను. బొమ్మ వైపు కూడా చూడలేదు. రాజలింగు మనుషులు కట్టర్ తెచ్చారు. ఒకరి తీగె ఇంకొకరు తెంపడం ఈ బాయిలో హత్యతో సమానం, వరుసలోని ఆడవాళ్ళంతా లేచి ఆమె చుట్టూ నిలబడ్డారు. కట్టర్ నా చేతికిచ్చారు, నువ్వూ అదే బాధలో ఉన్నదానివి, నువ్వు తెంపితే తప్పులేదు అని.

నేను తెంపలేదు. పట్టా మీద ఆమె పక్కన కూలబడ్డాను. తిండి గంట మోగింది, ఎవరూ లేచి పోలేదు. నా కళ్ళ ముందు కాలం కారిపోతోంది.

చాలా సేపటికి ఆమె నోరు విప్పింది.

"నువ్వు ఇప్పుకుంటే ఇప్పుకున్నవక్కా. నేను ఇప్పితే, ఆయన లేడని నా చేతులతోని నేను చెప్పినట్టే గదా."

"నేను గూడ గట్లనే అనుకుంట ఇప్పిన," అన్నాను.

 మెడలో ఉన్న వైరు లేని హెడ్‌ఫోన్ తీసి ఆమె చెవులకు పెట్టాను. ఆమె ఉలిక్కిపడి, ఇదేం మోత అని అడిగింది.

"నీ ఇంటి మోత. నీ తీగెల నుంచి పోతున్నది. దీని కింద కొమురెల్లి కొడుతున్నడో లేడో నాకు ఇనబడుతలేదు చెల్లె."

ఆమె హెడ్‌ఫోన్ తియ్యలేదు. ఆ మోతలో మొగుడి కోసం వెతుకుతోందని మొహం చూస్తే తెలిసింది. కాసేపటికి, చెవుల మీద అది అట్లా ఉండగానే, వంగి ముడి విప్పింది.

5. రెండో షిఫ్ట్ చివర

మోత ఆగింది. ఇంత నిశ్శబ్దమైన గీతను నా ఉద్యోగంలో చూడలేదు.

అయినా దెబ్బ కనిపించలేదు. రాళ్ళు సర్దుకునే చిటపటలు, నీటి చుక్కలు, నా సొంత గుండె.  దెబ్బ బలహీనంగా ఉండి ఉండాలి. బలహీనమైనది ఒక్కసారి వింటే దొరకదు. గుంపులో అందరూ తలో మాటా అంటున్నా, ఒక్కడు ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటుంటే చివరికి అదే చెవిన పడుతుంది. అందుకని గీతను సమానమైన ముక్కలుగా కోసి ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాను. చిటపటలు ఒక్కోసారి ఒక్కోచోట పడతాయి, పేర్చేకొద్దీ ఒకదాన్నొకటి మింగేస్తాయి. పద్ధతి ప్రకారం వచ్చే దెబ్బ అదే చోట పడి లేస్తుంది. ఎంత సేపటికోసారి కొడుతున్నాడో తెలియదు కాబట్టి కోసిన ముక్కల పొడుగు మారుస్తూ పోయాను. ఇది కాదు. ఇదీ కాదు.

స్వరూప నా భుజం వెనక నిలబడి ఉంది. రాజలింగు మనుషులు ఇటుకలు దింపుకుంటున్నారు, ఆ దింపడం కూడా గీత మీద పడుతుంటే నేను అరిచిన అరుపుకు ఇటుకలు ఎక్కడివక్కడ ఆగాయి.

మళ్ళీ పొడుగు మార్చాను. గీత మధ్యలో ఒక చిన్న గుబ్బ లేచింది. ఇంకొన్ని ముక్కలు పేర్చాను, ఇంకొంచెం లేచింది. ఇంకొన్ని పేర్చాను. సందేహం లేదు, మనిషి చెయ్యి అది. పది శ్వాసల ఎడం. పక్కన రెండో గుబ్బ లేస్తుందేమోనని, పేర్చడానికి ముక్కలు అయిపోయేదాకా పేర్చాను.

"ఎన్నక్కా?" అంది స్వరూప.

అబద్ధం చెబుదామనుకున్నాను. తెర ఆమెకూ కనిపిస్తూనే ఉంది.

"ఒక్కటే."

"ఎవలు?"

"తెల్వది చెల్లె."

 రాజలింగు తెర వైపు చూసి, పార అందుకున్నాడు.

6. మూడో షిఫ్ట్

తవ్వుతున్నారు. రాళ్ళ మీద నీళ్ళు కొడుతూ, ఒక్కొక్క రాయే తీస్తూ. నా పని రూఫ్ వినడం, మళ్ళీ కూలేటట్టుంటే కేక వేయడం. రెండుసార్లు కేక వేసి అందరినీ వెనక్కి తెచ్చాను. దెబ్బ ఇంకా వస్తోంది, ఎడం మాత్రం పెరుగుతోంది.

స్వరూప నా పక్కనే కూర్చుంది. ఎవరో గట్క జావ తెచ్చిస్తే ఇద్దరం ఒక్క గిన్నెలోనే తాగాం. ఆమె చేయి నా చేతిలో ఉంది. దేవుణ్ణి నేనేం కోరుతున్నానో ఆమెకు తెలుసు, ఆమె ఏం కోరుతోందో నాకు తెలుసు. నా మొగుడు బతకాలంటే ఈ పిల్ల మొగుడు చచ్చి ఉండాలి. నేను అదే కోరుకుంటున్నాను. సిగ్గుగా ఉంది, అయినా కోరుకుంటున్నాను. ఇంత నీచంగా నేను ఎన్నడూ లేను.

7. మూడో షిఫ్ట్ దాటాక

ఓదెలు బతికాడు.

కాలు నుజ్జయింది. మొహం బొగ్గు, కళ్ళు మాత్రం తెల్లగా. నన్ను చూసి ఏదో అనబోయి ఏడ్చాడు. నేను స్ట్రెచర్ పట్టుకుని దవాఖాన దాకా నడిచాను. అతని చెయ్యి వదల్లేదు, వెనక్కి తిరిగి చూడలేదు. వెనక స్వరూప ఉంది. కొమురెల్లిని తర్వాత తెచ్చారు.

కట్టు కట్టి డాక్టర్ బయటికి పోగానే ఓదెలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆగమన్నా ఆగలేదు. కొమురెల్లి ఛాతీ దాకా రాళ్ళ కింద ఉన్నాడట. చేతులు మాత్రం బయట ఉన్నాయట. ఇనుప ముక్క పట్టుకుని, అన్నా నా దెబ్బ నేను కొట్టుకుంట అన్నాడట. ఒకటి ఓదెలుది, ఒకటి అతనిది. మధ్యలో పెళ్ళి కబుర్లు చెప్పాడట.

"తిండి గంట ఇనబడ్డది, తారా. గప్పుడు నవ్విండు. అన్నా, స్వరూప తిన్నదో లేదో అన్నడు. గా తర్వాత గూడ శానసేపు ఇద్దరం కొట్టినం. ఇగ జెరసేపటికి ఆనిది ఆగిపోయింది."

తిండి గంట మోగినప్పుడు నేను పట్టా మీద కూర్చుని ఉన్నాను, కట్టర్ నా ఒళ్ళో ఉంది. అప్పుడే విని ఉంటే తెర మీద రెండు గుబ్బలు లేచేవి, తవ్వకం అప్పుడే మొదలయ్యేది. బతికేవాడని చెప్పలేను. బతికేవాడు కాదని కూడా చెప్పలేను.

ఈ మాట ఇంకెక్కడా అనొద్దని ఓదెలుకు చెబుతుండగానే స్వరూప లోపలికి వచ్చింది. ఏడవడం లేదు. మంచం కాళ్ళ దగ్గర నిలబడి, నా మొగుణ్ణి కాదు, నన్నే అడిగింది.

"అక్కా, ఒక్కటి చెప్పు. నేను తీగె ఇప్పినంకనే పోయిండా?"

తవ్వకం జరిగినంతసేపూ ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని లోలోపల నలిగింది ఇందుకేనన్నమాట. విప్పి మొగుణ్ణి చంపుకున్నానని.

"కాదు చెల్లె," అన్నాను. "నువ్వు ఇప్పకముందే పోయిండు."

"ముందే అంటే? ఎంత ముందు?"

 బతుకంతా కాస్త చప్పుడు కోసం చెవి కోసుకునే నేను, ఆ క్షణాన ఎవరూ ఏమీ మాట్లాడకుండా ఉంటే చాలనుకున్నాను. ఓదెలు కళ్ళు మూసుకున్నాడు.

"రాయి పడ్డప్పుడే, చెల్లె," అన్నాడు. "ఆనికేం తెల్వలేదు."

స్వరూప నేల మీద కూర్చుండిపోయింది. అప్పుడు ఏడ్చింది, బాయి అంతా వినేలా. నేనే సంపుకున్న అనుకున్ననక్కా, నేనే సంపుకున్న అనుకున్న అంటూ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. నేను ఆమెను దగ్గరికి తీసుకుని తలను నా భుజానికి గట్టిగా ఆనించుకున్నాను. ఆమె లేవబోయినప్పుడల్లా ఇంకా గట్టిగా పట్టుకున్నాను, ఇప్పుడు ఆమె నా మొహం చూడకూడదు.